మందుల దుకాణంలో పాఠ్యపుస్తకం

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, కొండల మధ్య, డేటన్ అని ఒక చిన్న ఊరుంది. 1925 నాటికి అక్కడి జనాభా 1,800కి అటూ ఇటూ. మన లెక్కన మండల కేంద్రం కూడా కాదు, ఓ మోస్తరు గ్రామం. ఆ ఊరి పెద్దవీధిలో రాబిన్సన్ అనే ఆయనకి మందుల దుకాణం ఉండేది. ఆ రోజుల్లో అక్కడి మందుల దుకాణాల్లో మందులే కాక చల్లని సోడాలూ షర్బతులూ కూడా దొరికేవి. రాబిన్సన్ కొట్లో వీటితోపాటు బడిపిల్లల పాఠ్యపుస్తకాలు కూడా అమ్మేవారు. ఇంతకీ ఆయన ఉత్త దుకాణదారుడే కాదు, ఆ కౌంటీ విద్యామండలి అధ్యక్షుడు కూడాను.

ఆ ఏడు మే నెల మొదటివారంలో ఈ దుకాణంలో ఒక బల్ల చుట్టూ ఊరి ముఖ్యులు కొందరు చేరారు. గనుల కంపెనీ వ్యవహారాలు చూసే జార్జ్ రాపల్యే ఒక పత్రికను తెచ్చాడు. మనిషి నిమ్నజంతువుల నుంచి పుట్టాడని బడిలో చెప్పడాన్ని నిషేధిస్తూ టెనెసీ కొత్తగా చేసిన చట్టాన్ని ధిక్కరించడానికి ఏ ఉపాధ్యాయుడైనా ముందుకొస్తే, అతని తరఫున తాము వాదిస్తామని అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ అందులో ప్రకటించింది. ఆ కేసేదో మన ఊళ్ళోనే జరిగితే ఊరికి పేరొస్తుంది, నాలుగు డబ్బులు కూడా వస్తాయి కదా అన్నది అక్కడ చేరినవారి ఆలోచన. మహాసమరాలు మొదలయ్యే తీరు ఒక్కోసారి ఇలాగే ఉంటుంది!

టెన్నిస్ ఆడుకుంటున్న ఒక కుర్ర ఉపాధ్యాయుణ్ణి పిలిపించారు. పేరు జాన్ స్కోప్స్, వయసు 24. అతని అసలు పని ఫుట్‌బాల్ శిక్షణ, సామాన్యశాస్త్రం చెప్పడం. జీవశాస్త్రం అయ్యవారు రానప్పుడు కొన్నాళ్ళు ఆ తరగతి కూడా చూశాడు. పరిణామం ప్రస్తావన లేకుండా జీవశాస్త్రం చెప్పడం కుదురుతుందా అని అడిగితే కుదరదన్నాడు. అని ఊరుకోక, అదే దుకాణంలో అమ్మకానికున్న పుస్తకాన్ని అరలోంచి తీసి చూపించాడు. అది జార్జ్ విలియం హంటర్ 1914లో ప్రచురించిన 'సివిక్ బయాలజీ'. రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించిన పాఠ్యపుస్తకం. అందులో పరిణామం ఉంది, డార్విన్ ఉన్నాడు. అంటే ప్రభుత్వం ఒక చేత్తో ఆ పుస్తకాన్ని చెప్పమంటోంది, మరో చేత్తో అందులో ఉన్నది చెబితే జరిమానా అంటోంది. ఆ పుస్తకాన్ని అమ్ముతున్నది విద్యామండలి అధ్యక్షుడు!

కేసుకి ఒప్పుకొని, స్కోప్స్ మళ్ళీ టెన్నిస్ ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఈ కథ చాలామంది విన్నదే. వినని వారు సినిమాగానైనా చూసి ఉంటారు. 'ఇన్‌హెరిట్ ది విండ్' అనే నాటకం 1955లోనూ, దాని చలనచిత్రరూపం 1960లోనూ వచ్చాయి. అందులో ఉపాధ్యాయుణ్ణి జైల్లో పెడతారు, ఊరంతా అతని మీద పగబడుతుంది. నిజంగా జరిగిన కథలో జైలూ లేదు, పగా లేదు. ఇన్నేళ్ళుగా ఈ ఉదంతం గురించి చదువుతున్నకొద్దీ నా దృష్టి న్యాయవాదుల మీదినుంచి జారి ఆ దుకాణపు అరలోని పుస్తకం మీద నిలిచిపోయింది. తీర్పు తరువాత ఆ పుస్తకానికి ఏమైందన్నదే నేను చెప్పదలచిన సంగతి. అయితే అక్కడికి చేరడానికి ముందు కోర్టు గుండా వెళ్ళక తప్పదు.

చట్టాన్ని ప్రతిపాదించినవాడు జాన్ వాషింగ్టన్ బట్లర్ అనే రైతు, టెనెసీ శాసనసభ్యుడు. బైబిలు చెప్పే దైవసృష్టిని కాదని, మనిషి నిమ్నజాతి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ ధనంతో నడిచే బడుల్లో చెప్పడం నేరం. జరిమానా 100 నుంచి 500 డాలర్లు. గమనించండి, చెట్టూ పురుగూ చేపా ఎలా పరిణమించినా ఈ చట్టానికి అభ్యంతరం లేదు, మనిషి జోలికి రాకపోతే చాలు. గవర్నరు ఆస్టిన్ పే 1925 మార్చి 21న సంతకం పెడుతూ, దీన్నెవరూ నిజంగా అమలు చెయ్యబోరనే అనుకున్నాడు. పల్లె ఓటర్లని నొప్పించడం ఎందుకని చేసిన సంతకం అది. అమలు కాని చట్టం ఎవరికీ హాని చెయ్యదనే భ్రమ పాలకులకి ఎప్పుడూ ఉండేదే.

ప్రభుత్వం పక్షాన వాదించడానికి వచ్చినవాడు విలియం జెన్నింగ్స్ బ్రయన్. ఈయనని మూఢుడని తీసిపారేసే అలవాటు మనవాళ్ళలోనూ ఉంది గానీ, మనిషి అంత తేలికగా అర్థమయ్యేవాడు కాదు. డెమోక్రటిక్ పార్టీ తరఫున మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడాడు. విల్సన్ ప్రభుత్వంలో విదేశాంగమంత్రిగా ఉండి, దేశం యుద్ధం వైపు జరుగుతోందని 1915లో రాజీనామా చేశాడు. స్త్రీల ఓటుహక్కు కోసం, ధనికుల మీద ఆదాయపు పన్ను కోసం పోరాడాడు. అన్నట్టు, ప్రపంచయాత్రలో భాగంగా మన దేశానికి వచ్చి, 1906లో ఇక్కడి బ్రిటిష్ పాలనని కడిగేస్తూ ఒక వ్యాసం రాశాడు. ఆ రోజుల్లో ఒక అమెరికన్ నాయకుడు అలా రాయడం చిన్న విషయం కాదు.

ఇటువంటి మనిషికి డార్విన్‌తో పేచీ ఎందుకు వచ్చింది? బైబిలు మీది విశ్వాసం ఒక కారణం, అదొక్కటే కాదు. మొదటి ప్రపంచయుద్ధం నాడు జర్మన్ సైనికాధికారుల మధ్య మసలిన వెర్నన్ కెలాగ్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త, బలవంతుడే బతకాలన్న వాదంతో ఆ అధికారులు యుద్ధాన్ని ఎలా సమర్థించుకున్నారో రాశాడు. అది బ్రయన్‌ని కలవరపెట్టింది. ఈ సిద్ధాంతం బలహీనుల పట్ల దయని చంపేస్తుందని ఆయన భయం. దానికి తోడు మరో వాదం, ప్రజాస్వామికంగా వినిపించేది: బడికి డబ్బు కట్టేది ప్రజలు, ఆ బడిలో ఏం చెప్పాలో నిర్ణయించే హక్కు వాళ్ళది కాదా? జవాబు చెప్పడం అంత సులువైన ప్రశ్న కాదిది. ఒక జిల్లాలో అధికసంఖ్యాకులు భూమి బల్లపరుపుగా ఉందని ఓటేస్తే బడిలో అలాగే చెప్పాలా అని ఎదురడగవచ్చు. కానీ ఏది చెప్పాలో నిర్ణయించేది కొద్దిమంది పండితులేనా అన్న అనుమానం అప్పటికీ మిగిలే ఉంటుంది.

బ్రయన్ భయానికి ఆధారం హంటర్ పుస్తకంలోనే ఉంది. మానవజాతుల్ని ఐదుగా విభజించి, తెల్లజాతిని అన్నిటికన్నా ఉన్నతమని ఆ పుస్తకం చెప్పింది. యూజెనిక్స్ పేరిట, అంటే 'మేలు' వంశాలనే పెరగనిచ్చి 'నాసి' వంశాలని ఆపాలన్న ఆలోచన పేరిట, కొన్ని కుటుంబాలను సమాజానికి పట్టిన పరాన్నజీవులతో పోల్చింది. విజ్ఞానస్వేచ్ఛకి ప్రతీకగా మనం తలుచుకునే పుస్తకం నిజరూపం ఇదీ. పాఠ్యపుస్తకంలో ఉన్నదంతా విజ్ఞానమని చేతులు జోడించడానికి వీల్లేదు. అయితే ఆ పేజీల్ని కొట్టివేయించే పని విజ్ఞానమే చెయ్యగలిగింది, నిషేధం కాదు. బట్లర్ చట్టానికి ఆ పేజీలతో పేచీయే లేదు.

విచారణ 1925 జులై 10న మొదలైంది. స్కోప్స్ తరఫున క్లారెన్స్ డారో, డడ్లీ మలోన్, ఆర్థర్ హేస్. బాల్టిమోర్ పత్రిక నుంచి మెంకెన్ వచ్చి ఊరివాళ్ళని చీల్చి చెండాడుతూ రాశాడు. షికాగో నుంచి వచ్చిన రేడియోవాళ్ళు కోర్టు నుంచే నేరుగా ప్రసారం చేశారు. సూటు తొడిగిన చింపాంజీని కూడా ఎవరో తెచ్చారు. డేటన్ పెద్దలు కోరుకున్న తిరునాళ్ళు వచ్చినట్టే.

వాదన మాత్రం చప్పగా సాగింది. పరిణామం నిజమా కాదా అని తేల్చడం తన పని కాదనీ, స్కోప్స్ చెప్పాడా లేదా అన్నదే ప్రశ్న అనీ న్యాయమూర్తి రాల్‌స్టన్ అభిప్రాయం. అందువల్ల దూరాల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు జ్యూరీ ముందు నోరు విప్పలేదు. మేనార్డ్ మెట్‌కాఫ్ అనే జంతుశాస్త్రజ్ఞుడు ఒక్కడు మాట్లాడినా, అప్పుడు జ్యూరీని బయటికి పంపేశారు. తమ అయ్యవారు ఏం చెప్పారో విద్యార్థులు సాక్ష్యమిచ్చారు. స్కోప్స్‌ని అసలు బోనెక్కించనే లేదు. తాను ఆ పాఠం నిజంగా చెప్పాడో లేదో అతనికే రూఢిగా గుర్తులేదు! శతాబ్దమంతా చెప్పుకున్న నేరం అసలు జరగకపోయి ఉండవచ్చు.

జులై 20న ఎండకీ జనానికీ తట్టుకోలేక కోర్టుని చెట్ల కిందికి మార్చారు. అక్కడ డారో ఎవరూ ఊహించని పని చేశాడు. బైబిలు ఎరిగిన నిపుణుడిగా సాక్ష్యమివ్వమని ప్రభుత్వపక్షపు బ్రయన్‌నే పిలిచాడు. యోనాని చేప మింగిందా, యెహోషువ సూర్యుణ్ణి ఆపాడా, కయీనుకి భార్య ఎక్కడినుంచి వచ్చింది, ఇలా సాగాయి ప్రశ్నలు. సృష్టి జరిగిన ఆరు దినాలూ 24 గంటల దినాలు కానక్కర్లేదని బ్రయన్ ఒప్పుకోవలసి వచ్చింది. లోకమంతా గుర్తుపెట్టుకున్న ఘట్టమిది. కానీ ఆ సమయానికి జ్యూరీ అక్కడ లేదు. మర్నాడు న్యాయమూర్తి దాన్ని రికార్డు నుంచి కొట్టేయించాడు. అప్పుడు డారో, తన కక్షిదారు దోషేనని తేల్చమని తానే జ్యూరీని కోరాడు. పైకోర్టుకి వెళ్ళాలంటే ముందు ఇక్కడ ఓడాలి కదా. తుది ప్రసంగం కూడా వదులుకున్నాడు, దానివల్ల బ్రయన్ ఎంతో శ్రమపడి రాసుకున్న ప్రసంగానికీ అవకాశం పోయింది. జ్యూరీకి తొమ్మిది నిమిషాలు పట్టింది. 100 డాలర్ల జరిమానా. ఐదు రోజుల తరువాత, జులై 26న, బ్రయన్ డేటన్‌లోనే కన్నుమూశాడు.

1927లో టెనెసీ సుప్రీంకోర్టు బట్లర్ చట్టం చెల్లుతుందంటూనే స్కోప్స్ శిక్షని కొట్టేసింది. 50 డాలర్లు దాటిన జరిమానాని జ్యూరీ నిర్ణయించాలట, ఇక్కడ న్యాయమూర్తే నిర్ణయించాడట. ఈ మెలికతో దేశపు అత్యున్నత న్యాయస్థానానికి వెళ్ళే దారి మూసుకుపోయింది. చట్టం 1967 దాకా పుస్తకాల్లో పడి ఉంది. మిసిసిపీ 1926లో, అర్కన్సా 1928లో ఇటువంటి చట్టాలే తెచ్చుకున్నాయి. అర్కన్సాలో అయితే ప్రజలే ఓటు వేసి మరీ తెచ్చుకున్నారు. స్కోప్స్ భూగర్భశాస్త్రం చదువుకుని చమురు కంపెనీల్లో పనిచేస్తూ వెనిజులా వెళ్ళిపోయాడు. మళ్ళీ బడిలో పాఠం చెప్పలేదు.

ఇక పుస్తకం సంగతి.

హంటర్ పుస్తకపు కొత్తకూర్పు 1926లో వచ్చింది. అందులో 'పరిణామం' అన్న మాటే తీసేశారు. ట్రూమన్ మూన్ రాసిన మరో పాఠ్యపుస్తకానికి మొదట్లో ముఖచిత్రంగా డార్విన్ బొమ్మ ఉండేది. 1926 ముద్రణలో ఆ స్థానంలో జీర్ణకోశం బొమ్మ వేశారు. డార్విన్ పోయి పేగులొచ్చాయి! దీనికి ఏ కోర్టూ ఉత్తర్వు ఇవ్వలేదు. పాఠ్యపుస్తకాల సంస్థలకి దక్షిణాది రాష్ట్రాల బజారు ముఖ్యం. ఒక రాష్ట్రానికి ఒక పుస్తకం, మరో రాష్ట్రానికి ఇంకో పుస్తకం అచ్చువెయ్యడం గిట్టుబాటు కాదు. కనుక అందరికీ సరిపోయేది, అంటే ఎవరినీ నొప్పించనిది, అచ్చయింది.

దీని ఫలం టెనెసీలోనే ఆగలేదు. తరవాతి కాలంలో ప్రముఖ పరిణామశాస్త్రవేత్త అయిన స్టీఫెన్ జే గూల్డ్ న్యూయార్క్‌లో పెరిగినవాడు. తన బడిలోని జీవశాస్త్ర పుస్తకాన్ని పెద్దయ్యాక తీసి చూస్తే, పరిణామానికి సంబంధించిన అధ్యాయం 60 అధ్యాయాల్లో 58వదిగా కనిపించింది. అది కూడా మారుపేరుతో, ఒక ఊహగా. ఆ పుస్తకం మూన్ పుస్తకానికి వారసురాలే. టెనెసీ చట్టం కాలుపెట్టలేని చోట పుస్తకం కాలుపెట్టింది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. తీర్పు వల్లనే పుస్తకాలు మారాయని జూడిత్ గ్రాబినర్, పీటర్ మిల్లర్ 1974లో రాసిన వ్యాసంతో ఒక అభిప్రాయం స్థిరపడింది. ఆడమ్ షాపిరో వంటి తరవాతి చరిత్రకారులు అంత సూటిగా ఒప్పుకోరు. నిర్బంధవిద్య పల్లెలకి పాకడం, పాఠ్యపుస్తకాల ఒప్పందాల చుట్టూ సంస్థల పోటీ, అవినీతి ఆరోపణలు, ఇవన్నీ విచారణకి ముందే ఉన్నాయనీ, ఆ గొడవలోనే ఈ మార్పుల్ని చూడాలనీ షాపిరో 2013 నాటి పుస్తకంలో వాదించాడు. నాకు ఈ రెండో మాటే సబబనిపిస్తుంది. అయితే దానివల్ల సంగతి మరీ బాధాకరంగా మారుతుంది తప్ప తేలికపడదు. భక్తి వల్ల పోయిన పాఠాన్ని వాదించి తెచ్చుకోవచ్చు. బేరం వల్ల పోయిన పాఠం గురించి ఎవరితో వాదించాలి?

ఆ పాఠాన్ని తిరిగి తెచ్చింది కూడా కోర్టు కాదు, రష్యావాళ్ళు! 1957 అక్టోబరులో స్పుత్నిక్ ఆకాశంలో తిరగడంతో, మన పిల్లలకి విజ్ఞానం రావడం లేదని అమెరికా ఉలిక్కిపడింది. 1958లో ప్రభుత్వ నిధులతో జీవశాస్త్ర పాఠ్యప్రణాళికా బృందం ఒకటి కొలరాడోలో ఏర్పడి, 1963 నాటికి పరిణామాన్ని నడుముగా పెట్టుకున్న మూడు పాఠ్యపుస్తకాలని తెచ్చింది.

అప్పుడు డేటన్ నాటి చిక్కే మళ్ళీ వచ్చిపడింది. 1965లో అర్కన్సా రాజధాని లిటిల్ రాక్‌లోని సెంట్రల్ హైస్కూలుకి పరిణామం ఉన్న కొత్త పుస్తకం వచ్చింది. (1957లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లల్ని లోపలికి పంపడానికి సైన్యం దిగవలసి వచ్చిన బడి ఇదే.) అక్కడి జీవశాస్త్ర ఉపాధ్యాయిని సూజన్ ఎపర్సన్. పుస్తకంలో ఉన్నది చెబితే 1928 చట్టం కింద నేరం, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అప్పగించిన పని ఎగ్గొట్టినట్టు. అందరూ చేస్తున్నట్టు ఆ అధ్యాయం దాటేస్తే ఏ గొడవా లేదు. ఆవిడ దాటెయ్యలేదు. ఆవిడేమీ నాస్తికురాలు కాదు, చర్చికి వెళ్ళే మనిషి. తండ్రి ఒక చర్చి కళాశాలలో జీవశాస్త్రం చెప్పేవాడు. డేటన్‌లో జరిగింది ఊరికోసం ఆడిన నాటకమైతే ఇది నిజంగా ఒక ఉపాధ్యాయిని సంకటం. అందుకే నా దృష్టిలో స్కోప్స్ కన్నా ఎపర్సన్ పేరు ఎక్కువమందికి తెలియాలి. తెలియకపోవడానికి కారణం, ఆవిడ కేసులో చింపాంజీ లేకపోవడమే కాబోలు.

1968 నవంబరు 12న అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పరాదన్న రాజ్యాంగసూత్రం ఆధారం. తీర్పు రాసిన ఏబ్ ఫోర్టాస్ టెనెసీలోని మెంఫిస్ కుర్రవాడు, డేటన్ విచారణ నాటికి అతనికి పదిహేనేళ్ళు.

నిషేధం పోయాక వాదం వేషం మార్చింది. పరిణామం చెప్పండి, పక్కనే సృష్టిశాస్త్రం కూడా అంతే సమయం చెప్పండి అంటూ 1981లో అర్కన్సా, లూసియానా చట్టాలు చేశాయి. ఇద్దరి మాటా వినడంలో తప్పేముంది అనిపించే వాదం ఇది, దాని బలమంతా అక్కడే ఉంది. కానీ పంచాయితీలో ఇరుపక్షాలూ వినడం వేరు, ప్రయోగశాలలో పరీక్షకి నిలవని మాటకి పీట వెయ్యడం వేరు. అర్కన్సా చట్టం మీద కోర్టుకెక్కినవాళ్ళలో ఎక్కువమంది చర్చిపెద్దలే కావడం గమనించదగ్గది. మొదటిపేరు మెక్లీన్ అనే మెథడిస్టు పాస్టరుది. తమ విశ్వాసాన్ని విజ్ఞానమని మారుపేరుతో అమ్మడం వాళ్ళకి నచ్చలేదు. న్యాయమూర్తి ఓవర్టన్ 1982 జనవరిలో ఆ చట్టాన్ని కొట్టేశాడు. లూసియానా చట్టం 1987లో సుప్రీంకోర్టులో ఏడుగురికి ఇద్దరి తేడాతో పడిపోయింది.

ఆపైన వచ్చినది 'తెలివైన రూపకల్పన' వాదం, దానికి 1989లో వచ్చిన 'ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్' అనే పుస్తకం. 2004లో పెన్సిల్వేనియాలోని డోవర్ విద్యామండలి, తొమ్మిదో తరగతి పిల్లలకి పరిణామంలో లోపాలున్నాయని ఒక ప్రకటన చదివి వినిపించి, ఈ పుస్తకం గ్రంథాలయంలో ఉందని చెప్పాలంది. విజ్ఞానం ఉపాధ్యాయులు చదవబోమన్నారు. చివరికి అధికారులే తరగతికొచ్చి చదివి వెళ్ళారు. పదకొండుమంది తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. ఈసారి కూడా దొంగని పట్టించింది పుస్తకమే. దాని పాత చిత్తుప్రతులు తెప్పించి చూస్తే, మొదట 'సృష్టివాదులు' అని ఉన్నచోటల్లా 1987 తీర్పు తరువాత 'రూపకల్పన సమర్థకులు' అని మార్చినట్టు తేలింది. ఒకచోట మార్చడంలో తొందరపడి, పాత మాట తలా తోకా అటూ ఇటూ మిగిలి, మధ్యలో కొత్త మాట ఇరుక్కుపోయింది! అచ్చుతప్పులు మహానుభావులు. 2005 డిసెంబరు 20న న్యాయమూర్తి జోన్స్ 139 పేజీల తీర్పులో ఇది విజ్ఞానం కాదని తేల్చాడు. జోన్స్‌ని నియమించినది బుష్ ప్రభుత్వమే.

కోర్టుల్లో ఇన్నిసార్లు గెలిచిన పాఠం తరగతి గదిలో ఎలా ఉంది? బెర్క్‌మన్, ప్లట్‌జర్ అనే ఇద్దరు పరిశోధకులు 926మంది ప్రభుత్వ ఉన్నత పాఠశాలల జీవశాస్త్ర ఉపాధ్యాయులని విచారించి 2011లో ప్రకటించిన ఫలితాలు ఇలా ఉన్నాయి. పరిణామాన్ని నిక్కచ్చిగా చెప్పేవారు 28 శాతం. సృష్టివాదాన్ని సమర్థించేవారు 13 శాతం. మిగిలిన 60 శాతం మంది రెంటికీ చెడకుండా దాటేసేవారు. ఊళ్ళోవాళ్ళతో గొడవెందుకని కొందరు, తమకే సరిగా రాదని కొందరు. దాదాపు పన్నెండేళ్ళ తేడాతో చేసిన మరో విచారణలో పరిస్థితి మెరుగుపడింది. శాస్త్రజ్ఞుల ఏకాభిప్రాయాన్ని స్పష్టంగా చెప్పి, సృష్టివాదానికి తావివ్వనివారు 2007లో 51 శాతం ఉంటే, 2019లో 67 శాతమయ్యారు. అయినా నన్ను వెంటాడేది ఆ అరవై శాతమే. ఎందుకంటే వాళ్ళు నాకు బాగా తెలుసు.

నేను పదో తరగతి చదివిన బడిలో ఏ మతం గొడవా లేదు, ఏ చట్టమూ లేదు. జీవశాస్త్ర పుస్తకంలో పరిణామం ఉంది. ఫిబ్రవరిలో మా మాస్టారు ఆ పేజీల దాకా వచ్చి, దీంట్లోంచి పబ్లిక్ పరీక్షలో పెద్ద ప్రశ్న రాదర్రా, చదువుకోండి అని చెప్పి రివిజన్ మొదలుపెట్టారు. మేమంతా సంతోషించాం. మాలో ఒక్కడు కూడా ఎందుకని అడగలేదు. ఆయన మంచి ఉపాధ్యాయుడే, కప్ప బొమ్మ బోర్డు మీద గీస్తే కప్ప గెంతుతుందేమో అనిపించేది. ప్రకృతి వరణం అంటే ఏమిటో నాకు ఉద్యోగంలో చేరాక ఒక పాతపుస్తకాల కొట్లో కొన్న పుస్తకం చెప్పింది. అప్పుడుగానీ ఆ కప్ప కాళ్ళ ఎముకలూ నా చేతి ఎముకలూ ఒకే వరసలో ఎందుకున్నాయో తెలియలేదు. మాస్టారు గీసిన బొమ్మలన్నిటికీ ఆ దాటేసిన పేజీలే అర్థం.

మన దేశంలో ఈ పాఠం మీద బహిరంగ వాదం రేగిన సందర్భం 2018 జనవరి. డార్విన్ సిద్ధాంతం తప్పనీ, పాఠ్యపుస్తకాల్లో మార్చాలనీ అప్పటి కేంద్ర మానవవనరుల సహాయమంత్రి సత్యపాల్ సింగ్ అన్నారు. రోజుల వ్యవధిలో దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఖండించాయి. పుస్తకం చెక్కుచెదరలేదు. అందరూ చూస్తుండగా గట్టిగా కొట్టిన దెబ్బ అది, కనుకే తగల్లేదు.

తగిలిన దెబ్బ వేరు. కోవిడ్ తరువాత పిల్లల మీద భారం తగ్గించాలని ఎన్సీఈఆర్టీ పాఠ్యాంశాలని కుదించింది. 2023లో అచ్చయిన పదో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అన్న అధ్యాయం 'అనువంశికత'గా మిగిలింది. శిలాజాలు, కొత్తజాతుల ఆవిర్భావం, మానవ పరిణామం, అన్నీ పోయాయి. అదే ఏడు ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం తెలుపుతూ సంతకాలు చేశారు. పన్నెండో తరగతి పుస్తకంలో ఉంది కదా అన్నది ప్రభుత్వం జవాబు. దీని వెనక మతం ఉందని చాలామంది అన్నారు. ఉండవచ్చు, కానీ అదే కోతలో మూలకాల ఆవర్తన పట్టిక అధ్యాయం కూడా పోయిందని మరవకూడదు. మెండలీవ్ మీద ఏ మతానికీ కోపం లేదు. ఉద్దేశం ఏదైనా గానీ, హంటర్ పుస్తకానికి జరిగినదే ఇక్కడా జరిగింది. వాదన లేదు, విచారణ లేదు, బోనులో ఎవరూ నిలబడలేదు. ఒక జాబితా వెలువడింది, తరవాతి ముద్రణ పేజీలు తగ్గి వచ్చింది.

పన్నెండో తరగతిలో ఉందన్న జవాబు పైకి సమంజసంగానే కనిపిస్తుంది. కానీ మన ఇళ్ళల్లో సంగతి మనకి తెలియనిదా? పదో తరగతి ఫలితాలు రాకముందే ఎంపీసీ సీటుకి అడ్వాన్సు కట్టేస్తాం. పదితోనే జీవశాస్త్రానికి స్వస్తి చెప్పే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు, కామర్సు వైపు వెళ్ళేవాళ్ళూ, చదువే ఆపేసేవాళ్ళూ వేరే. ఆ కుదించిన పుస్తకంతో చదువుకున్న మా అన్నయ్య కూతురు ఇప్పుడు ఎంపీసీలో ఉంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు, మనకి తోకఎముక ఎందుకుంది బాబాయ్ అని అడిగింది.

పాతపుస్తకాల కొట్లో కొన్న ఆ పుస్తకం అట్ట ఊడిపోయి ఉంది. బైండు చేయించి ఇచ్చాను.